పంపకాలు, దొంతరలు: టైలింగ్ విండో మేనేజర్‌లో తెర అమరిక

పర్లాకిమిడిలో ఒడియా పట్టాలను తెలుగులో రాసిచ్చే మా బోటివాళ్ల తెర మీద ఎప్పుడూ నాలుగైదు విండోలు తెరిచే ఉంటాయి. ఒకదానిలో పట్టా స్కాన్ కాపీ, పక్కన తెలుగులో రాస్తున్న ఫైలు, ఒడియా నిఘంటువు, భూమి రకాన్ని చెప్పే కిసం పేర్ల పట్టిక, వీటికి తోడు ఎవరో వాట్సాప్‌లో పంపిన పాత దస్తావేజు ఫోటో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు ఈ ఊరు అటు వెళ్లింది. ఇక్కడి తెలుగు కుటుంబాలు మాత్రం ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయారు. అందుచేత ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పొలం కాగితాన్ని ఒడియాలో దాచుకునే మనుషులు ఈ చుట్టుపక్కల కొత్త కాదు. ఆ కాగితంలో ‘ఘరబారి’ అని ఉంటే అది ఇంటిస్థలమని రాసి, ఖాతా నంబరూ ప్లాటు నంబరూ విస్తీర్ణమూ పొల్లుపోకుండా ఎక్కించాలంటే మూలమూ అనువాదమూ ఒకే చూపులో కనిపించాలి. ఒక విండో మరొకదాని మీద పడి విస్తీర్ణంలో చివరి అంకెను కప్పేస్తే ఏమవుతుందో ఈ పని చేసేవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

నా ల్యాప్‌టాప్ పాతది, దాని తెర 1366 బై 768 పిక్సెళ్లది. అంత చిన్న తెరలో విండోలను మౌస్‌తో లాగి, అంచులు సరిచేసి, మళ్లీ ఒకటి తెరవగానే అదంతా చెదిరిపోయి, మళ్లీ సరిచేసుకోవడంలో పొద్దు గడిచిపోయేది. ఆ విసుగులోనే నేను లినక్స్ మీద ఐ3 అనే టైలింగ్ విండో మేనేజర్‌కు, అంటే తెర మీద విండోలను సర్దే ప్రోగ్రాంకు, మారాను. పేరులో ఉన్నట్టే ఇది నేల మీద నాపరాళ్లు పరిచినట్టు విండోలను పరుస్తుంది: ఒకదాని మీద ఒకటి ఎక్కదు, మధ్యలో ఖాళీ మిగలదు, కొత్తది వస్తే పాతవి జరిగి చోటిస్తాయి. ఇంతవరకూ ఎవరికైనా మొదటి రోజే అర్థమవుతుంది. తలనొప్పి రెండో రోజు మొదలవుతుంది. విండోను చీల్చమంటే తెర మీద ఏమీ జరగదు. రెండింటిని దొంతరగా పేర్చమంటే నాలుగూ దొంతరలోకి వెళ్లిపోతాయి. ఒకదాన్ని ఎడమకు జరపమంటే అది అనుకోని చోట తేలుతుంది. మీటలు గుర్తుండకపోవడం వల్ల ఇలా అవుతోందని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో కారణం అది కాదు. చీల్చే ఆదేశం ఒక మెట్టు మీద పనిచేస్తుంది, దొంతర పేర్చే ఆదేశం దానికి పై మెట్టు మీద పనిచేస్తుంది. ఈ మెట్లు తెర మీద కనిపించవు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1985 నవంబరులో వచ్చిన విండోస్ 1.0లో కూడా విండోలు ఒకదానిపై ఒకటి పడేవి కావు, పక్కపక్కనే పరుచుకునేవి. 1987 నాటి విండోస్ 2.0తోనే అవి ఒకదాన్నొకటి కప్పుకోవడం మొదలైంది. లినక్స్ లోకంలో టైలింగ్ మేనేజర్లు స్థూలంగా రెండు తోవలు పట్టాయి. 2006లో వచ్చిన డీడబ్ల్యూఎం వంటివి అమరికను తామే నిర్ణయిస్తాయి: ముఖ్యమైన విండోకు ఒక పెద్ద భాగం ఇచ్చి, మిగతావాటిని పక్కన ఒక వరుసలో సర్దేస్తాయి. 2009లో మైకేల్ స్టాపెల్‌బర్గ్ మొదలుపెట్టిన ఐ3 మాత్రం ఆ నిర్ణయాన్ని మనకే వదిలేస్తుంది. ఏది ఎక్కడ పుట్టాలో, ఏది దేనితో కలిసి ఉండాలో మనమే చెప్పాలి. లినక్స్‌లో తెరను నడిపే కొత్త వ్యవస్థ వేలాండ్ మీద పనిచేసే స్వే అనే మేనేజర్ కూడా ఐ3 పద్ధతినే అనుసరిస్తుంది కనుక ఇక్కడ చెప్పేది దాదాపు అంతా దానికీ వర్తిస్తుంది. ఒక్క మాట జాగ్రత్తగా గమనించాలి. డీడబ్ల్యూఎం వాళ్లు ‘స్టాక్’ అన్నప్పుడు పక్క వరుసలో కిందా మీదా కనిపించే విండోలన్నీ అని అర్థం, అందులో ప్రతిదీ తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. ఐ3లో ‘స్టాకింగ్’ అంటే ఒకటే కనిపించి, మిగతావాటి శీర్షికలు మాత్రమే పైన వరుసగా ఉండటం. ఒకే మాటకు రెండు చోట్ల రెండు అర్థాలు ఉండటం వల్ల ఒకదాని గురించి చదివి మరొకదానిలో ప్రయత్నించినవాళ్లు తికమకపడుతుంటారు. ఈ వ్యాసంలో దొంతర అన్న ప్రతిచోటా ఐ3 అర్థమే తీసుకోవాలి.

కనిపించని ఆ మెట్లను అర్థం చేసుకోవడానికి మా దుకాణంలో రోజూ నలిగే వ్యవహారమే పనికొస్తుంది. ఒక తండ్రికి పదెకరాల పొలం ఉండి ఇద్దరు కొడుకులు పంచుకున్నారనుకుందాం. పెద్దవాడి వాటా పడమర, చిన్నవాడి వాటా తూర్పు. తరువాత చిన్నవాడి వాటాను అతని ఇద్దరు కొడుకులు ఉత్తర దక్షిణాలుగా పంచుకుంటే పెద్దవాడి గట్టు ఒక్క జానెడు కూడా జరగదు, ఎందుకంటే రెండో పంపకం చిన్నవాడి వాటాకు లోపల జరిగింది. ఐ3లో తెర ఇలాగే పంచబడుతుంది. 2011లో వచ్చిన 4.0 కూర్పు నుంచి అది తన అమరికనంతా ఒక వంశవృక్షంగా దాచుకుంటోంది. అన్నిటికీ మూలం ఒకటి, దాని కింద మానిటర్లు, ఒక్కో మానిటర్ కింద వర్క్‌స్పేస్‌లనే విడివిడి తెరలు, వర్క్‌స్పేస్ కింద విండోలను గుంపు కట్టే కంటైనర్లు, చిట్టచివర ఆకుల్లా విండోలు. ప్రతి కంటైనర్‌కూ ఒకే ఒక పేర్పు ఉంటుంది, అది దాని నేరు పిల్లలందరికీ వర్తిస్తుంది. ఆ పేర్పులు నాలుగే: పక్కపక్కన, కిందా మీదా, దొంతర, ట్యాబులు. తెర మీద ఎంత చిక్కుగా కనిపించిన అమరికైనా ఈ నాలుగింటిని ఒకదానిలో ఒకటి ఇమిడ్చి కట్టినదే.

నేను అడ్డం, నిలువు అనే మాటలు వాడకపోవడానికి కారణం ఉంది. మన భాషలో ‘అడ్డంగా చీల్చు’ అంటే కత్తి అడ్డంగా నడవాలనా, ముక్కలు అడ్డవరుసలో ఉండాలనా? కొబ్బరి మట్టను అడ్డంగా నరికితే ముక్కలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. కుర్చీలను అడ్డంగా వేయమంటే పక్కపక్కన వేస్తారు. కంప్యూటర్‌లోనూ అదే పేచీ ఉంది. విమ్ ఎడిటర్‌లో అడ్డచీలిక అంటే గీత అడ్డంగా పడి భాగాలు కిందా మీదా అవుతాయి. ఐ3లో మోడ్ కీతో, అంటే దాని ఆదేశాలకు కేటాయించుకున్న ఆల్ట్ లేదా విండోస్ మీటతో, హెచ్ నొక్కితే వచ్చే అడ్డచీలిక అంటే విండోలు పక్కపక్కన చేరతాయి, వి నొక్కితే కిందా మీదా. టెర్మినల్‌ను భాగాలుగా పంచే టీమక్స్‌లోనూ హెచ్ అంటే పక్కపక్కనే. విమ్ అలవాటుతో ఐ3కి వచ్చినవాళ్లు మొదటి వారమంతా తలకిందులుగా చీలుస్తూ ఉంటారు, అది వాళ్ల తప్పు కాదు. ఐ3 చూసేది కత్తి దారిని కాదు, పిల్లలు నిలబడే వరుసను. అది పట్టుబడ్డాక హెచ్, వి మీటలు ఇక తప్పవు. స్వేలో హెచ్ మీట కదలికకు కేటాయించినందున ఆ పనికి బి మీటను ఇచ్చారు.

ఇప్పుడు అసలు చిక్కు. సెలవుల్లో మా మేనల్లుడు దుకాణంలో కూర్చుని పట్టా విండో, ఎడిటర్ విండో పక్కపక్కన తెరిచి, ఎడిటర్ మీద ఉండగా మోడ్ కీతో వి నొక్కి నా వైపు తిరిగాడు. “మావయ్యా, ఇది పనిచెయ్యట్లేదు” అన్నాడు. “కింది అంచు చూడరా” అన్నాను. ఎడిటర్ చుట్టూ ఉన్న సన్నటి నీలం అంచులో కింది గీత ఒక్కటే కొంచెం లేత రంగుకు మారి ఉంది. హెచ్ నొక్కి ఉంటే ఆ మార్పు కుడి అంచులో కనిపించేది. చీల్చే ఆదేశం వర్తమానంలో దేన్నీ కదపదు. అది ఆ ఒక్క విండో చుట్టూ కొత్త కంటైనర్ కట్టి, ఇక ముందు ఈ వాటాలో పుట్టబోయేవాళ్లు కిందా మీదా ఉండాలని రాసిపెడుతుంది, అంతే. ఆ తరువాత నిఘంటువు తెరవగానే అది ఎడిటర్ కింద కూర్చుంది. ఎడమ సగంలోని పట్టా కదలలేదు. చిన్నవాడి వాటాలో పంపకం జరిగింది, పెద్దవాడి గట్టు అలాగే ఉంది.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. తండ్రి పేర్పు పక్కపక్కనో కిందా మీదానో అయి, అందులో ఒక్కటే విండో ఉంటే ఐ3 కొత్త కంటైనర్ కట్టదు. ఉన్న తండ్రి దిశనే మార్చేస్తుంది. ఒక్కడే కొడుకైనప్పుడు పంపకం దేనికి? అందుకే ఖాళీ వర్క్‌స్పేస్‌లో ఒకే విండో తెరిచి హెచ్, వి, హెచ్, వి అంటూ ఎన్నిసార్లు నొక్కినా లోపల చెత్త పేరుకోదు.

దొంతర ఆదేశం ఇందుకు పూర్తిగా భిన్నం. మోడ్ కీతో ఎస్ నొక్కినప్పుడు అది మీరున్న విండోను పట్టించుకోదు, ఆ విండో తండ్రి పేర్పును మార్చుతుంది, అదీ వెంటనే, ఉన్న పిల్లలందరికీ. మేనల్లుడికి తరువాతి దెబ్బ ఇక్కడే తగిలింది. నిఘంటువు మీద ఉండి, కిసం పట్టికను కూడా దానితో దొంతరగా పెడదామని ఎస్ నొక్కాడు. నిఘంటువు తండ్రి ఎవరు? ఎడిటర్‌ను కూడా కన్న కుడి కంటైనర్. కాబట్టి ఎడిటరూ నిఘంటువూ రెండూ దొంతరైపోయాయి, రాస్తున్న తెలుగు ఫైలు నిఘంటువు వెనక్కి పోయి దాని శీర్షిక మాత్రం పైన ఒక చారలా మిగిలింది. ఇలాంటప్పుడు కంగారుపడి విండోలు మూసేయాల్సిన పని లేదు. మోడ్ కీతో ఇ నొక్కితే తండ్రి పేర్పు దొంతర నుంచి మళ్లీ చీలికకు వస్తుంది, ఇంకోసారి నొక్కితే దిశ మారుతుంది.

సరైన వరుస ఇది: నిఘంటువు మీద ఉండి ముందు వి నొక్కాలి, తరువాత ఎస్ నొక్కాలి. వి నొక్కగానే నిఘంటువుకు సొంత కంటైనర్ ఏర్పడుతుంది. దాని తోబుట్టువుగా ఎడిటర్ ఉంది కాబట్టి పైన చెప్పిన మినహాయింపు ఇక్కడ వర్తించదు. ఇప్పుడు నిఘంటువుకు దగ్గరి తండ్రి ఆ కొత్త కంటైనరే. ఎస్ దాని పేర్పునే దొంతరగా మార్చుతుంది, ఎడిటర్ జోలికి పోదు. ఆపైన కిసం పట్టిక తెరిస్తే అది నిఘంటువుతో పాటు దొంతరలో చేరుతుంది. వి బదులు హెచ్ నొక్కినా ఫలితం ఇదే, ఎందుకంటే మరుక్షణమే ఎస్ ఆ దిశను చెరిపేస్తుంది. ముందు వేరుపడు, తరువాత దొంతర పెట్టు. ఐ3లో నాకు తెలిసిన చిక్కుముళ్లలో సగం ఈ రెండు మీటల వరుస తారుమారు కావడం వల్ల పడినవే.

కొత్త విండో ఎక్కడ పుడుతుందన్న ప్రశ్నకు కూడా జవాబు ఈ వృక్షంలోనే ఉంది. ప్రత్యేకంగా నియమాలు రాసిపెట్టుకున్నవీ, తేలియాడే డైలాగులూ మినహాయిస్తే, కొత్త విండో ఎప్పుడూ ఇప్పుడు ఫోకస్‌లో ఉన్నదానికి, అంటే మన ఆదేశాలు అందుకుంటున్నదానికి, తోబుట్టువుగానే పుడుతుంది. ఫోకస్ విండో మీదే ఉండాలని లేదు. మోడ్ కీతో ఎ నొక్కితే ఫోకస్ ఒక మెట్టు పైకెక్కి తండ్రి కంటైనర్ మీద నిలుస్తుంది. మళ్లీ నొక్కితే తాత మీద. నిఘంటువు దొంతర మొత్తం మీద ఫోకస్ పెట్టి పాత దస్తావేజు ఫోటోను తెరిస్తే అది దొంతర లోపల కాక, దొంతరకు తోబుట్టువుగా దాని కింద తెరుచుకుంటుంది. దొంతరను మొత్తంగా వేరే వర్క్‌స్పేస్‌కు పంపాలన్నా, దాని ఎత్తు తగ్గించాలన్నా ఇలా పైకెక్కి ఆదేశమివ్వడమే తేలిక. పైన ఉన్నప్పుడు విండో మూసే మీట నొక్కారో, లోపలి విండోలన్నీ మూతపడతాయి. ఒక సాయంత్రం నేను అలా మూడు టెర్మినళ్లను, వాటిలో నడుస్తున్న పనులతో సహా, ఒక్క మీటతో పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి మూసేముందు అంచు రంగు ఎంతమేర చుట్టుకుని ఉందో చూడటం అలవాటైంది.

దొంతరా, ట్యాబులా అన్నది అభిరుచి విషయంగా చెబుతారు కానీ చిన్న తెర మీద అది లెక్క విషయం. దొంతరలో ఒక్కో విండోకు ఒక్కో శీర్షిక వరుస, అవి ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ట్యాబుల్లో శీర్షికలన్నీ ఒకే వరుసను పంచుకుంటాయి. శీర్షిక వరుస 20 పిక్సెళ్లనుకుంటే ఎనిమిది విండోల దొంతరకు 160 పిక్సెళ్లు పోతాయి, అంటే 768లో అయిదో వంతుకు పైనే. ఆ ఎనిమిదినీ ట్యాబులుగా పెడితే ఎత్తులో 20 పిక్సెళ్లే పోతాయి. కానీ తెరలో సగం, అంటే 683 పిక్సెళ్ల వెడల్పున్న భాగంలో ఒక్కో శీర్షికకు 85 పిక్సెళ్లు దక్కి, ఫైలు పేర్లలో మొదటి నాలుగైదు అక్షరాలు తప్ప కనిపించవు. మా ఫైలు పేర్లన్నీ మౌజా పేరుతో మొదలవుతాయి కాబట్టి అన్ని ట్యాబుల మీదా అదే ఊరి పేరు, తేడా చూపే ఖాతా నంబరు చివర్లో తెగిపోతుంది. మూడు నాలుగు విండోలకు దొంతర, అంతకు మించితే ట్యాబులు అన్నది నేను పెట్టుకున్న హద్దు. శీర్షికల్లో తెలుగు, ఒడియా లిపులు సరిగా రావాలంటే ఐ3 సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్లో ఫాంట్‌ను లిపులను కూర్చే పాంగో లైబ్రరీ ద్వారానే ఇవ్వాలి, పాత ఎక్స్ ఫాంట్లతో వత్తులు చెదిరిపోతాయి. మొదట ఉండే 8 పరిమాణంలో వత్తులు చీమల్లా కనిపిస్తాయి. దాన్ని 11 చేశారంటే ప్రతి వరుసా ఎత్తు పెరుగుతుంది, పై లెక్క దొంతరకు మరింత వ్యతిరేకంగా మారుతుంది.

దొంతర నుంచి ఒక విండోను బయటికి తీయడం కూడా దిశను బట్టే ఉంటుంది. దొంతరను ఐ3 కిందా మీదా ఉన్న వరుసగానూ, ట్యాబులను పక్కపక్కన ఉన్న వరుసగానూ లెక్కిస్తుంది. అందుకే దొంతరలో పై, కింది బాణాలతో ఒక విండో నుంచి మరొకదానికి వెళతాం. ట్యాబుల్లో ఎడమ, కుడి బాణాలతో. షిఫ్ట్ కలిపి పైకీ కిందికీ నొక్కితే విండో దొంతరలోనే వరుస మారుతుంది, కానీ ఎడమకు నొక్కితే దొంతరలో ఎడమ అనేది లేదు కనుక ఐ3 వృక్షంలో పైకెక్కుతూ, పక్కపక్కన పేర్పు ఉన్న పూర్వీకుడి కోసం వెతుకుతుంది. మా ఉదాహరణలో అది వర్క్‌స్పేసే. కాబట్టి నిఘంటువు దొంతరను వదిలి, కుడి భాగాన్ని కూడా వదిలి, పట్టాకూ ఎడిటర్‌కూ మధ్య మూడో నిలువు పట్టీగా నిలబడుతుంది. అది ‘ఎక్కడికో ఎగిరిపోయింది’ అనిపించేది అందుకే. తిరిగి కుడికి నొక్కితే మళ్లీ కుడి కంటైనర్ లోపలికి దూరుతుంది. ఆ కంటైనర్‌లో చివరిసారి ఫోకస్ ఎడిటర్ మీద ఉందా దొంతర మీద ఉందా అన్నదాన్ని బట్టి దిగే చోటు మారుతుంది. విండోను దొంతరలోకి పంపాలంటే ముందు దొంతరలోకి ఒకసారి ఫోకస్ తీసుకెళ్లి, తిరిగి వచ్చి, అప్పుడు జరపడం ఖాయమైన దారి.

మూడు భాషల్లో టైపు చేసేవాళ్లకు మరో చిన్న అడ్డంకి ఉంది. కీబోర్డును తెలుగుకో ఒడియాకో మార్చినప్పుడు వి మీట ఇక వి అక్షరాన్ని ఇవ్వదు, కాబట్టి అక్షరాన్ని బట్టి రాసిన ఆదేశాలు దారి తప్పవచ్చు. తరచూ లేఅవుట్ మార్చేవాళ్లు మీట స్థానాన్ని బట్టి పనిచేసే బైండ్‌కోడ్ వాడాలని ఐ3 మార్గదర్శి చెబుతుంది. స్వేలో అక్షరాన్ని బట్టి పనిచేసే బైండ్‌సిమ్‌కు టు-కోడ్ అనే ఐచ్ఛికాన్ని జోడిస్తే చాలు. గిడుగు రామమూర్తి పంతులు బడిలో పాఠం చెబుతూనే సవర భాష నేర్చుకున్న ఊరు ఇది. ఇక్కడ ఒక బల్ల మీద మూడు భాషలు ఉండటం ఎప్పటి నుంచో ఉన్నదే, బల్ల బదులు తెర వచ్చింది.

చాలా రోజులు వాడాక మరో జబ్బు బయటపడుతుంది. దొంతరలో రెండు విండోలుండగా ఒకటి మూసేస్తే కంటైనర్ కూలిపోదు, ఒక్క విండోతోనే నిలబడి ఉంటుంది. ఇంతకు ముందు చెప్పిన మినహాయింపు చీలికలకే గానీ దొంతరలకు వర్తించదు కాబట్టి, ఆ ఒంటరి విండో మీద మళ్లీ వి నొక్కితే పాత కంటైనర్ లోపల ఇంకో కంటైనర్ తయారవుతుంది. శీర్షిక వరుసలో విండో పేరు బదులు ఒక ఇంగ్లిష్ అక్షరం, చదరపు బ్రాకెట్లు, వాటి మధ్య రెండు మూడు పేర్లు కనిపిస్తే అక్కడ విండో కాదు, ఒక కంటైనర్ ఉందని గుర్తు. అనుమానం వస్తే ఐ3-ఎంఎస్‌జీ ఆదేశంతో మొత్తం వృక్షాన్ని జేసన్ రూపంలో బయటికి తీసి చూడవచ్చు, కానీ అది చదవడానికి ఓపిక కావాలి. నేనైతే ఆ విండోను ఖాళీ వర్క్‌స్పేస్‌కు పంపి మళ్లీ వెనక్కి తెచ్చుకుంటాను. ఖాళీ అయిన కంటైనర్ తనంతట తానే పోతుంది.

ఒకసారి కుదిరిన అమరికను రోజూ మొదటి నుంచి కట్టుకోనక్కరలేదు. ఐ3 4.8 నుంచి వర్క్‌స్పేస్‌ను ఫైలుగా దాచే సదుపాయం ఉంది; స్వేలో ఇది లేదు. అందుకు వాడే ఐ3-సేవ్-ట్రీ అనే ఆదేశం ఇచ్చే ఫైలు యథాతథంగా పనికిరాదు. ఏ ఖాళీ చోటు ఏ విండోను తీసుకోవాలో సూచించే వరుసలు అందులో వ్యాఖ్యలుగా మూసి ఉంటాయి, వాటిలో కావలసినవాటిని చేత్తో తెరవాలి. ఎడిటర్‌ను, పట్టా చూసే ప్రోగ్రాంను వాటి క్లాస్ పేరుతో, అంటే ఆ ప్రోగ్రాం తన విండోలకు పెట్టుకునే పేరుతో, గుర్తిస్తే సరిపోతుంది. ఒకే బ్రౌజర్‌లో నిఘంటువూ కిసం పట్టికా వేర్వేరు విండోలుగా తెరుస్తాను కనుక ఆ రెండింటికీ శీర్షికను కూడా జోడించాల్సి వచ్చింది. పొద్దున దుకాణం తీసి ఆ ఫైలును ఎక్కిస్తే తెర మీద ముందు ఖాళీ చట్రాలు మాత్రమే కనిపిస్తాయి. ఆపైన పట్టా తెరిస్తే ఎడమ సగంలో, ఎడిటర్ తెరిస్తే కుడి పై భాగంలో, నిఘంటువు తెరిస్తే దాని కింద దొంతరలో మొదటి వరుసలో, ఏది ముందు తెరిచినా ఏది వెనక తెరిచినా, దేని చోటులో అది కూర్చుంటుంది.